పచ్చళ్ళ వ్యాపారానికి ఫ్రీ ఏఐ బొమ్మల టూల్స్: ఏది ఏ పనికి, ఎక్కడ వాడకూడదు

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుంది. మీరు ఇంటి దగ్గర ఆవకాయ, మాగాయ, గోంగూర, చికెన్ పచ్చడి చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. డిజైనర్‌ని పెట్టుకునే స్తోమత ఇప్పట్లో లేదు. అందుకని పోస్టులకి, సీసా మీద లేబుల్‌కి, లోగోకి ఫ్రీ ఏఐ టూల్స్ వాడదామనుకుంటున్నారు. వాటిలో ఏది మంచిది, వ్యాపారానికి వాడితే తర్వాత ఏమైనా చిక్కు వస్తుందా అని అడిగారు.

చాలా ఏళ్ళుగా నా పని డీటీపీ, ప్యాకేజింగ్ డిజైన్. ఎక్కువగా చిన్న వ్యాపారాలకే చేస్తాను. ఏఐ బొమ్మలు వచ్చాక వాళ్ళ పని ఎంత తేలికయిందో చూశాను, ఎక్కడ దెబ్బ తింటున్నారో కూడా చూశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీరు చెప్పిన మూడు పనులకీ ఒకే టూల్ సరిపోదు. పచ్చడి బొమ్మ మాత్రం ఏ ఏఐతోనూ చేయించకండి. దాన్ని ఫోన్ కెమెరాతో తీయండి. పచ్చడి చుట్టూ ఉండే అలంకారం, అంటే వెనక గోడ, కింద చెక్కబల్ల, మామిడాకులు, పండగ వాతావరణం, ఇవన్నీ ఏఐ చేత చేయించుకోవచ్చు. తెలుగు అక్షరాలు మీరే ఫాంట్‌తో వేసుకోండి. ఈ హద్దు పెట్టుకుంటే ఏ టూల్ వాడినా పెద్దగా నష్టపోరు.

పచ్చడి దగ్గర ఎందుకంత పట్టుదల అంటారా? ఏ టూల్‌నైనా ఆవకాయ బొమ్మ వేయమని అడిగి చూడండి. చాలాసార్లు పసుపు రంగు నూనెలో తేలే మెత్తటి మామిడి ముక్కలు వస్తాయి, ఉత్తరాది అచార్‌లాగా. ముక్కకి టెంక ఉండదు. ఆవపిండి, కారం కలిసి ముక్కకి పట్టిన ఆ ముద్ద ఉండదు. మాగాయ అడిగినా అదే బొమ్మ కాస్త రంగు మారి వస్తుంది. పూతరేకులు అడిగితే పేపర్ దోశలాంటిదో చపాతీ చుట్టలాంటిదో ఇస్తుంది. ఈ టూల్స్ వెనక పనిచేసే ఏఐ మోడల్స్ నేర్చుకున్న ఫొటోల్లో మన వంటలు తక్కువ, వాటికి సరైన పేర్లు రాసి ఉన్నవి ఇంకా తక్కువ. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉండి ఊరి ఆవకాయ కోసం డబ్బు పెట్టే మనిషి ఆ ఫొటో చూడగానే పసిగడతారు. టెంక లేని ఆవకాయ ఫొటో పెట్టిన షాపు మీద వాళ్ళకి నమ్మకం ఎలా కలుగుతుంది?

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2024 ఆగస్టులో జొమాటో తన యాప్‌లోని మెనూల్లో ఏఐతో చేసిన వంటకాల ఫొటోలు పెట్టవద్దని రెస్టారెంట్లకి చెప్పింది. అలాంటి ఫొటోల వల్ల కస్టమర్ల నమ్మకం పోతోందని, ఫిర్యాదులు, రీఫండ్లు పెరుగుతున్నాయని దాని అప్పటి అధిపతి దీపిందర్ గోయల్ బహిరంగంగానే రాశారు. అమెజాన్‌లో అమ్మాలన్నా ప్రధాన ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద అసలు వస్తువుదే ఉండాలి. చట్టం సంగతి కూడా చెప్పాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 21 ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. చిన్న వ్యాపారం మీదకి అంత దూరం రాకపోవచ్చు. కానీ ఫొటోలో ఒకటి, సీసాలో ఒకటి ఉందని కస్టమర్ ఫిర్యాదు చేస్తే మీ దగ్గర జవాబుండదు.

ఇక టూల్స్. "ఫ్రీ" అన్న మాట చూసి ఆగిపోకండి. ఏ టూల్ తెరిచినా నాలుగు విషయాలు చూడండి. బొమ్మని వ్యాపారానికి వాడుకోవచ్చని నిబంధనల్లో ఉందా? మీరు చేసిన బొమ్మ అందరికీ కనిపించే గ్యాలరీలోకి వెళ్తుందా? బొమ్మ మీద వాళ్ళ గుర్తు పడుతుందా? మీరు ఎక్కించిన ఫొటోలతో వాళ్ళ మోడల్‌కి శిక్షణ ఇస్తారా? "టాప్ టెన్ ఫ్రీ ఏఐ టూల్స్" అని తిరిగే వీడియోలు ఈ నాలుగూ వదిలేసి, అంతరిక్షంలో గుర్రం, అడవిలో పులి బొమ్మలు చూపించి మార్కులు వేస్తాయి. మీకు అమ్మాల్సింది పచ్చడి. ఆ మార్కులతో మీకు పని లేదు.

మీ పనికి మొదట పెట్టుకోవలసింది గూగుల్ జెమినీ. 2025 ఆగస్టులో వచ్చిన నానో బనానా అన్న మోడల్‌తో ఇది బాగా మెరుగుపడింది. ఆ సెప్టెంబర్‌లో మన ఆడవాళ్ళందరూ పాతకాలం చీరల ఫొటోలు చేసుకున్నది దీంతోనే. దీని బలం ఏమిటంటే, మీ ఫొటో ఇచ్చి "వెనక గోడ మార్చు, పక్కన వేడన్నం పెట్టు" అని తెలుగులో చెప్పినా అర్థం చేసుకుంటుంది. మీరు చేయించుకున్న బొమ్మ మీద యాజమాన్యం తమదని గూగుల్ అనదు. ఫ్రీగా వాడితే బొమ్మ మూలన ఒక మెరుపు గుర్తు పడుతుంది. దానితోపాటు సింథ్ఐడీ అనే కంటికి కనపడని ముద్ర కూడా బొమ్మలో ఉంటుంది. మూల కత్తిరించినా ఆ ముద్ర పోదు. ఆ గుర్తు చెరిపేసే పిచ్చి యాప్‌ల జోలికి వెళ్ళకండి, దాచాల్సిన అవసరం మీకేముంది? రోజువారీ పరిమితి తరచు మారుతుంటుంది కాబట్టి పండగ ముందు రోజు రాత్రికి పని పెట్టుకోవద్దు.

చాట్‌జీపీటీ కూడా ఇదే పని చేస్తుంది. 2025 మార్చిలో వచ్చిన బొమ్మల సదుపాయం తర్వాత ఫ్రీ వాళ్ళకీ ఇచ్చారు. చెప్పిన మాట ప్రకారం బొమ్మ అమర్చడంలో, అంటే ఎడమ పక్క జాడీ, కుడి పక్క ఖాళీ, పైన తోరణం అంటే అలాగే పెట్టడంలో నాకు ఇది నమ్మకంగా పనిచేస్తుంది. ఫ్రీలో ఇచ్చే బొమ్మలు తక్కువే. దాన్ని నడిపే ఓపెన్‌ఏఐ నిబంధనల ప్రకారం వచ్చిన బొమ్మ మీదే. అయితే అలాంటి బొమ్మే ఇంకొకరికీ రావచ్చని కూడా అందులోనే రాసి ఉంది. లోగో దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. రెండింటిలోనూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, మీ సంభాషణల్ని మోడల్ శిక్షణకి వాడకుండా ఆపేయండి. ముఖ్యంగా ఇంకా బయటపెట్టని లేబుల్, పిల్లల ఫొటోలు ఎక్కించే ముందు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. జెమినీ అయినా చాట్‌జీపీటీ అయినా "వెనక గోడ మాత్రమే మార్చు" అంటే గోడ ఒక్కటే మార్చదు. మీ ఫొటోని చూసి, మొత్తం బొమ్మని మళ్ళీ కొత్తగా తయారుచేస్తుంది. అందుకే మీ సీసా మీదున్న అక్షరాలు కొద్దిగా కరిగినట్టవుతాయి, ముక్కల ఆకారం మారుతుంది, నూనె రంగు నిగనిగలాడుతుంది. ఫోన్‌లో చిన్నగా చూస్తే ఏం తెలియదు. పెద్దది చేసి, అసలు ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మీరు కెమెరాతో తీసిన పచ్చడే చివరికి ఏఐ పచ్చడి అయిపోతుందన్నమాట.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. మీ జాడీని పగటి వెలుగులో, కిటికీ పక్కన పెట్టి ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, నూనె మీద తెల్ల మచ్చ పడుతుంది. ఆ ఫొటోలోంచి జాడీని మాత్రం కత్తిరించుకోండి. అడోబీ ఎక్స్‌ప్రెస్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే సదుపాయం ఫ్రీగానే ఉంది. ఆ తర్వాత ఏఐని ఖాళీ దృశ్యం ఒక్కటే అడగండి: "పాత ఇంటి వంటగది, ఎర్రమట్టి గోడ, చెక్కబల్ల, మధ్యలో ఖాళీ, ఎడమ కిటికీలోంచి పొద్దుటి ఎండ, ఎక్కడా అక్షరాలు వద్దు, మనుషులు వద్దు." ఆ దృశ్యం మీద మీ జాడీ అతికించండి. వెలుగు రెండింటికీ ఒకే వైపు నుంచి వచ్చేలా చూసుకోండి, జాడీ కింద మెత్తటి నీడ వేయండి. ఈ రెండూ లేకపోతే జాడీ గాల్లో తేలినట్టు ఉంటుంది. ఒకసారి చేసిన ఆరేడు దృశ్యాలతో ఏడాది పొడుగునా పోస్టులు వేసుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ ఏఐని అడగనక్కర్లేదు, పరిమితి అయిపోయిందన్న టెన్షన్ కూడా ఉండదు. మీ పేజీలో అన్ని పోస్టులూ ఒకే ఇంటివిలా కనిపిస్తాయి, దుకాణానికి ఒక ముఖం ఏర్పడుతుంది.

లేబుల్, డబ్బా లాంటి ప్రింట్ పనికి, అంటే వేల కాపీలు బయటికి వెళ్ళే పనికి, దృశ్యం కావాలంటే నేను అడోబీ ఫైర్‌ఫ్లై వైపు మొగ్గుతాను. అందంలో ఇది అన్నిటికంటే ముందుందని చెప్పను. కానీ అడోబీ స్టాక్‌లోని ఫొటోలు, బహిరంగ లైసెన్స్ ఉన్నవి, కాపీరైట్ గడువు తీరినవి వాడి దీనికి శిక్షణ ఇచ్చామని అడోబీ చెప్తుంది. ఆ స్టాక్‌లో ఇతర ఏఐలతో చేసిన బొమ్మలు కూడా కొన్ని ఉన్నాయని 2024 ఏప్రిల్‌లో బ్లూంబర్గ్ బయటపెట్టింది, కాబట్టి పూర్తిగా మచ్చలేనిదని కూడా అనలేం. అయినా ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ పోగేసిన మోడల్స్‌తో పోలిస్తే నయం. ఇంకో జాగ్రత్త ఉంది. ఇప్పుడు ఫైర్‌ఫ్లై సైట్‌లోనే గూగుల్, ఓపెన్‌ఏఐ, ఫ్లక్స్ మోడల్స్ కూడా పెట్టారు. మెనూలో ఫైర్‌ఫ్లై సొంత మోడల్‌ని ఎంచుకుంటేనే పైన చెప్పింది వర్తిస్తుంది. కేసు వస్తే మేం చూసుకుంటామన్న అడోబీ హామీ మాత్రం డబ్బు కట్టే పెద్ద సంస్థల ప్లాన్లకే. ఫ్రీ ఖాతాకి నెలకి కొన్ని క్రెడిట్లు ఇస్తారు. నాలుగైదు లేబుళ్ళ వ్యాపారానికి అవి చాలు.

శిక్షణ సంగతి ఎందుకు పట్టించుకోవాలంటే, ఈ గొడవలు ఇంకా కోర్టుల్లో నలుగుతున్నాయి. 2025 జూన్‌లో డిస్నీ, యూనివర్సల్ కలిసి మిడ్‌జర్నీ మీద అమెరికాలో దావా వేశాయి. లండన్ హైకోర్టులో ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్, ఏఐ బొమ్మల కంపెనీ స్టెబిలిటీ ఏఐ మధ్య నడిచిన కేసులో 2025 నవంబర్‌లో తీర్పు వచ్చింది. కాపీరైట్ విషయంలో గెట్టీ ఓడిపోయింది, ట్రేడ్‌మార్క్ విషయంలో మాత్రం కొద్దిగా నెగ్గింది. ఎందుకంటే ఆ ఏఐ బొమ్మల్లో గెట్టీ వాటర్‌మార్కే అచ్చంగా వచ్చింది. ఇవి కంపెనీల మధ్య కేసులు, మీ దాకా రావు. మీరు జాగ్రత్తపడాల్సింది ఒక్కటే: ప్రాంప్ట్‌లో, అంటే టూల్‌కి మీరు రాసి ఇచ్చే మాటల్లో, ఏ కంపెనీ పేరు, ఏ కార్టూన్ పేరు, బతికున్న ఏ చిత్రకారుడి పేరు రాయకండి.

మిగతావాటి గురించి త్వరగా చెప్పేస్తాను. పోస్టర్లు తయారుచేసుకునే కాన్వాలో ఏఐ బొమ్మ ఒక మోస్తరు, ఫ్రీలో పరిమితంగానే ఇస్తారు. కానీ అక్షరాలు, అమరిక, సైజులు చూసుకోవడానికి మీకు కాన్వా ఎలాగూ కావాలి. ఐడియోగ్రామ్ ఇంగ్లీషు అక్షరాలు బాగా రాస్తుంది. ఐడియోగ్రామ్‌లోనూ లియోనార్డోలోనూ ఫ్రీగా చేసిన బొమ్మలు అందరికీ కనిపిస్తాయి. సంక్రాంతికి తెద్దామనుకున్న కొత్త ప్యాకెట్ డిజైన్‌ని అక్కడ ప్రయత్నిస్తే మీకంటే ముందే లోకం చూస్తుంది. మిడ్‌జర్నీ బొమ్మలు చూడ్డానికి చాలా బాగుంటాయి, కానీ 2023 మార్చిలోనే ఫ్రీ ట్రయల్ ఆపేశారు. బింగ్ ఇమేజ్ క్రియేటర్ 2023లో వచ్చినప్పుడు దాని నిబంధనల్లో సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు అని ఉండేది. అందుకే ఏ టూల్ నిబంధనలనైనా మీరు బొమ్మ చేసే రోజున చదివి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వాట్సాప్‌లోని మెటా ఏఐ పండగ శుభాకాంక్షల వరకు సరిపోతుంది.

ఇంట్లో ఎవరికైనా గేమ్స్ ఆడే కంప్యూటర్, అందులో 8 జీబీ లేదా అంతకంటే ఎక్కువ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే అసలైన ఫ్రీ అక్కడుంది. మోడల్‌ని డౌన్‌లోడ్ చేసుకుని మీ కంప్యూటర్లోనే నడపడం. పరిమితి లేదు, మీ ఫొటోలు బయటికి పోవు, గుర్తులు పడవు. ఇక్కడ కూడా లైసెన్స్ చూడాలి. 2024 ఆగస్టులో జర్మనీకి చెందిన బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ విడుదల చేసిన ఫ్లక్స్‌లో రెండు రకాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ష్నెల్ అన్నది అపాచీ 2.0 లైసెన్స్‌తో వస్తుంది, వ్యాపారానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. డెవ్ అన్నది నాన్ కమర్షియల్, అంటే వ్యాపారేతర లైసెన్స్. బొమ్మలు డెవ్‌లో బాగుంటాయని అందరూ దాన్నే దించుకుంటారు, మీరు మాత్రం ష్నెల్‌తో ఉండండి. అలీబాబా వాళ్ళ క్వెన్ ఇమేజ్ కూడా అపాచీ 2.0నే, కాకపోతే బరువైన మోడల్, మామూలు కార్డు మోయలేదు. స్టేబుల్ డిఫ్యూజన్ 3.5 లైసెన్స్ ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి ఫ్రీ. వీటిని నడపడానికి కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. క్రిటా అనే ఫ్రీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఏఐ ప్లగిన్ అంతకంటే తేలిక. అందులో మీరు సెలెక్ట్ చేసిన మేరకే బొమ్మ మారుతుంది, మిగతాది తాకదు. జాడీ మారిపోతుందన్న భయం అక్కడ లేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకి ఈ పని అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు.

తెలుగు అక్షరాల సంగతికొస్తాను. కొత్త మోడల్స్ మునుపటికంటే మెరుగయ్యాయి, పెద్ద అక్షరాల్లో రెండు మూడు పదాలు ఒక్కోసారి సరిగ్గానే రాస్తాయి. నాలుగో పదానికి వత్తు జారిపోతుంది, గుణింతం మారుతుంది, "పచ్చళ్ళు"లో చకి చవత్తు బదులు ఇంకేదో గీత వస్తుంది. ఫాంట్‌తో రాసినప్పుడు అక్షరానికి వత్తు, గుడి, కొమ్ము ఎక్కడ తగలాలో సాఫ్ట్‌వేర్ నియమం ప్రకారం పేరుస్తుంది. బొమ్మ మోడల్‌కి ఆ నియమం లేదు, అది అక్షరాన్ని కూడా ఒక బొమ్మలాగే వేస్తుంది. తప్పు అక్షరాల బోర్డు చూస్తే మనకి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి బొమ్మలో ఖాళీ వదలమని చెప్పి, అక్షరాలు కాన్వాలో వేసుకోండి. కంప్యూటర్ ఉంటే ఇంక్‌స్కేప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. సిలికానాంధ్ర వాళ్ళు చేయించిన రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. పచ్చడి పేరుకి రామభద్ర దిట్టంగా ఉంటుంది. లేబుల్ మీద చిన్న వివరాలకి మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. ప్రెస్‌లో ఎక్కువగా యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లు వాడతారు, మీ యూనికోడ్ ఫైలు వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే చెదిరిపోవచ్చు. అక్షరాల్ని ఆకారాలుగా మార్చి పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు సైజు చూసుకోవాలి. మంచి ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఫ్రీ టూల్స్‌లో మామూలుగా వచ్చే 1024×1024 బొమ్మ ఆ లెక్కన మూడున్నర అంగుళాలు కూడా రాదు. చిన్న సీసా లేబుల్‌కి సరిపోతుంది, ఏ4 పాంప్లెట్‌కి చాలదు. దానికి 2480×3508 కావాలి. అప్‌స్కేల్ (Upscayl) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పెంచుకోవచ్చు, కానీ అక్షరాలు వేయకముందే పెంచండి. అక్షరాలున్న బొమ్మని పెంచితే అవి వంకరపోతాయి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంత చుక్కలు అక్కర్లేదు. రంగుల విషయంలో, ఏఐ బొమ్మలు ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల పద్ధతిలో వస్తాయి, ప్రెస్ మెషిన్ సీఎంవైకేలో, అంటే ఇంకు రంగుల పద్ధతిలో వేస్తుంది. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ కాగితం మీద మట్టిగా దిగుతాయి. మొత్తం వేయించే ముందు ఒక్క ప్రూఫ్ తీయించుకుని చూడండి.

లేబుల్ మీద ఏఐకి అసలు వదలకూడని భాగం ఒకటుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగో, అది ఇచ్చే 14 అంకెల నంబరు, దినుసుల జాబితా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మీ పేరు, చిరునామా, శాకాహార గుర్తు. ఇవి ఒక్కటి తప్పినా సరుకు ఆగిపోతుంది. లేబుల్ మొత్తం చేసిపెట్టమంటే ఏఐ నోటికొచ్చిన నంబరు వేసేస్తుంది, లోగోని తనకి తోచినట్టు గీస్తుంది. మీరు చికెన్ పచ్చడి కూడా అమ్ముతున్నారు కాబట్టి చెప్తున్నాను: శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు చతురస్రంలో గోధుమ రంగు త్రిభుజం. మాంసాహారానికి కూడా చుక్క వేసిన పాత బొమ్మలు నెట్‌లో ఇంకా చాలా ఉన్నాయి, ఏఐలు వాటినే చూసి నేర్చుకున్నాయి. రెండు లేబుళ్ళకీ ఒకే డిజైన్ కాపీ చేసుకునేటప్పుడు ఈ గుర్తు మార్చడం మర్చిపోవద్దు.

లోగోకి ఏఐ వాడవచ్చా అంటే, ఆలోచనల కోసం వాడండి, దాన్నే లోగోగా పెట్టుకోకండి. జాడీ, మామిడాకు, గుండ్రటి చట్రం అని అడిగిన ప్రతి పచ్చళ్ళ వ్యాపారికీ ఈ టూల్స్ దాదాపు ఒకే లోగో ఇస్తాయి. రేపు పక్క వీధిలో అలాంటిదే పెట్టుకుంటే ఆపడం కష్టం. అమెరికాలో మనిషి చేయి లేని బొమ్మకి కాపీరైట్ లేదని 2025 మార్చిలో అక్కడి అప్పీలు కోర్టు థాలర్ కేసులో చెప్పింది. మన కాపీరైట్ చట్టం 1957లో, కంప్యూటర్ చేసిన రచనకి దాన్ని చేయించిన వ్యక్తే కర్త అని సెక్షన్ 2(డి)లో ఉంది. ఆ మాట రాసినప్పుడు ఇలాంటి ఏఐలు లేవు. దాని మీద మీ వ్యాపారం పేరు నిలబెట్టుకోవడం మంచిది కాదు. అదీకాక ఏఐ ఇచ్చేది చుక్కల బొమ్మ. లోగో ఎంత పెంచినా చెదరని గీతల్లో (వెక్టర్) ఉండాలి, అప్పుడే విజిటింగ్ కార్డు మీద, ఫ్లెక్సీ మీద ఒకేలా వస్తుంది. ఏఐ ఇచ్చిన నాలుగైదు ఆలోచనలు చూసి, ఒకటి ఎంచుకుని, కాగితం మీద మీ చేత్తో మార్చి గీసి, ఇంక్‌స్కేప్‌లో మళ్ళీ గీయించుకోండి. పేరు విషయంలో ట్రేడ్‌మార్క్ కోసం ఐపీ ఇండియా సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. పచ్చళ్ళు సాధారణంగా 29వ క్లాసులోకి వస్తాయి. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు. ఆ ఖర్చు మాత్రం వాయిదా వేయకండి.

మనుషుల ముఖాల దగ్గర కచ్చితంగా ఉండండి. సినిమా హీరో మీ ఆవకాయ తింటున్నట్టు బొమ్మ చేయడం ఇప్పుడు నిమిషం పని, చాలా షాపులు చేస్తున్నాయి కూడా. 2025 సెప్టెంబర్‌లో నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సివిల్ కోర్టు, అనుమతి లేకుండా వాళ్ళ పేరు, రూపం వ్యాపారానికి వాడకుండా రక్షణ ఇచ్చాయి. ఏఐతో చేసినా అంతే. ఇక ఏఐతో ఒక ముసలావిడ బొమ్మ చేసి "మా అమ్మమ్మ చేతి పచ్చడి" అని రాయడం నాకు అస్సలు నచ్చదు. మీ ఇంట్లో నిజంగా పచ్చడి కలిపే చెయ్యి ఉంది కదా, ఆవిడ ఒప్పుకుంటే ఆ చేతినే ఫొటో తీయండి. ముఖం కూడా అక్కర్లేదు, కారం అంటిన వేళ్ళు చాలు. దేవుడి బొమ్మలతో కూడా జాగ్రత్త. శంఖం, చక్రం చేతులు మారిపోతాయి, వేళ్ళు ఎక్కువ వస్తాయి. పోస్ట్ పెట్టాక ఎవరో చూపిస్తే బాధపడాల్సింది మీరే.

ఏఐ బొమ్మ అని చెప్పాలా అని కూడా మీకు అనుమానం రావచ్చు. 2026 ఫిబ్రవరి 20 నుంచి ఐటీ నిబంధనల సవరణ అమల్లో ఉంది. నిజమైనదిలా కనిపించే ఏఐ బొమ్మలకి, వీడియోలకి గుర్తు ఉండేలా చూసే బాధ్యత ప్లాట్‌ఫామ్‌ల మీద పెట్టారు. ఇది ఏఐతో చేసిందా అని పెద్ద సోషల్ మీడియా సంస్థలు పోస్ట్ చేసేవాళ్ళనే అడగాలి. అడిగినప్పుడు అవునని నొక్కండి. ఫొటో వెలుగు సరిచేయడం, కత్తిరించడం లాంటి మామూలు మెరుగులకి ఇది వర్తించదు. "బ్యాక్‌గ్రౌండ్ ఏఐతో చేసింది, పచ్చడి ఫొటో మాదే" అని పోస్ట్ కింద ఒక లైను రాస్తే ఇంకా మంచిది. కొనేవాళ్ళకి అది నచ్చుతుంది కూడా.

మీ స్థానంలో నేనుంటే మొదట ఒక ఆదివారం పొద్దున్నే అన్ని పచ్చళ్ళనీ ఒకే జాడీలో, ఒకే కిటికీ దగ్గర ఫొటోలు తీసుకుంటాను. తర్వాత జెమినీతో ఖాళీ దృశ్యాలు, కాన్వాలో తెలుగు అక్షరాలు, లేబుల్ వెనక బొమ్మ కావాలంటే ఫైర్‌ఫ్లై. మామిడికాయ రాకముందే, అంటే మార్చిలోపే, ఇవన్నీ సిద్ధం చేసుకోండి. సీజన్ మొదలయ్యాక మీకు కూర్చునే తీరిక ఉండదు.

ఫ్రీ ఆఫర్ల గురించి ఒక హెచ్చరిక. 2025 చివర్లో జియో కస్టమర్లకి గూగుల్ ఏఐ ప్రో 18 నెలలు, మన దేశంలో అందరికీ చాట్‌జీపీటీ గో ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. అలాంటివి తీసుకున్నవాళ్ళు గడువు తేదీ రాసిపెట్టుకుని, ఆటోపే ఉందేమో యూపీఐ యాప్‌లో చూసుకోండి. ఒకవేళ ఈ ఏడాది కాస్త డబ్బు మిగిలితే ఏ టూల్‌కీ కట్టకండి. మీ ఊళ్ళో పెళ్ళి ఫొటోలు తీసే అబ్బాయిని ఒక పూట పిలిచి పచ్చళ్ళ ఫొటోలు తీయించుకోండి.